జీతం లేని ఫారిన్

పాత కడప జిల్లాలో ఒక మనిషి ఫారిన్ పోయినాడంటే వివరాలు ఎవరూ అడగరు. రాయచోటి, రాజంపేట వైపు ఏ పల్లెలో చూసినా కువైట్ మేడలు నిలబడి ఉంటాయి. మూడంతస్తులు, గోడలకు టైల్స్, స్టీలు గేటు, లోపల ఒక ముసలమ్మ. మనిషి అటు పోతాడు, డబ్బు ఇటు వస్తుంది. ఈ ఏర్పాటును తిరగేసినవాడు నాకు తెలిసి మా మేనల్లుడు ఒక్కడే. వాడు ఇంగ్లండు పోయినాడు. వాడి వెనకే డబ్బు కూడా పోయింది.

పోయింది ఉద్యోగానికి కాదు, చదువుకూ కాదు. మోర్మన్ మిషనరీగా పోయినాడు. అంటే రెండేళ్లపాటు తెల్లచొక్కా, టై వేసుకుని, గుండెమీద పేరు రాసిన నల్లబిళ్ల తగిలించుకుని, ఊరుగాని ఊళ్లో తలుపులు తట్టే పని. జీతం ఉండదు. ఇంట్లోవాళ్లు శక్తికొద్దీ కట్టాలి, చాలకపోతే సంఘం సర్దుతుంది. ఈ సంగతి విన్నరోజు మా బావ చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "ఇన్నేండ్లు చెనిక్కాయ ఏసి వానకోసం ఆకాశం జూసినా. ఈ పంటకు యాడ జూడాల్నో ఎవురన్నా చెప్పండప్పా" అన్నాడు.

మోర్మన్ అంటే వాడు ఒప్పుకోడు. 2018లో వాళ్ల అప్పటి సంఘాధ్యక్షుడు రసెల్ నెల్సన్ ఆ పొట్టిపేరు మానేసి పూర్తి పేరే వాడమన్నాడు. పూర్తి పేరు ‘యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము’. కర్నూలు షేర్ ఆటోలో పక్కనాయన "ఏ చర్చి నాయనా?" అని రాజవిహార్ దగ్గర అడిగితే, మావాడు జవాబు ముగించేసరికి సి.క్యాంపు వస్తుంది. ఆయన మధ్యలో దిగాల్సినవాడైనా దిగడు. మర్యాదస్తుల ఊరు మాది.

ఈ రకం మనిషి మీకూ తెలుసు. మతం ఏదైనా కావచ్చు, మతమే కానక్కర్లేదు కూడా. రాగులు తిని షుగరు దించుకున్నవాడు ఉంటాడు, పిరమిడ్ కింద ధ్యానం చేసి నడుమునొప్పి పోగొట్టుకున్నవాడు ఉంటాడు, అల్యూమినియం గిన్నెలు పారేసి మట్టికుండలో వండుకుంటున్నవాడు ఉంటాడు. తనకు దొరికిన మంచి మీకూ దొరికేదాకా వాళ్లకు నిద్రపట్టదు, మిమ్మల్నీ పడుకోనివ్వరు. వాళ్లు చెప్పేది అబద్ధమైతే బాగుండునని మనకు అనిపిస్తుంది. పైగా వాళ్ల మొహాల్లో కనిపించే ఆరోగ్యం ఒకటి, అది మరీ కోపం తెప్పిస్తుంది.

మాది పాత క్రైస్తవ కుటుంబమే. లండన్ మిషన్ వాళ్లు 1822లో కడపలో అడుగుపెట్టినారు. జమ్మలమడుగులో వాళ్లు పెట్టిన క్యాంబెల్ ఆసుపత్రిలోనే వాడి అవ్వ ఆయాగా పనిచేసింది. మేమంతా సి.ఎస్.ఐ. వాళ్లం. నా మట్టుకు నేను క్రిస్మస్‌కు, ఈస్టరుకు, ఎవరిదన్నా పెళ్లికి తప్పకుండా గుడికి పోతాను. వీడు హైదరాబాదులో బీటెక్ చదువుతూ రూమ్మేటు వెంట ఒక ఆదివారం వాళ్ల ప్రార్థనకు పోయినాడు. భారతదేశంలో వాళ్ల మొదటి స్టేకు, అంటే మన లెక్కన పెద్ద మండలం లాంటిది, 2012లో ఏర్పడింది హైదరాబాదులోనే. ఊరు పెద్దది, పిల్లోడు ఒంటరివాడు. ఆ గుడిలో ప్రతివాడూ వచ్చి చెయ్యి కలిపి పేరు అడిగినాడంట. హాస్టల్లో మూడేళ్లున్నా వార్డెనుకు వీడి పేరు తెలియదు. ఇంతకన్నా దైవశాస్త్రం ఏం కావాలి?

మా ఇంట్లో మాత్రం గొడవైంది. "వాళ్లకు బైబిలు ఉండంగ ఇంగో పుస్తకం ఎందుకు?" అని మా అక్క. 1830లో న్యూయార్కు రాష్ట్రంలో అచ్చయిన మోర్మన్ గ్రంథం గురించీ, బంగారు రేకుల గురించీ, జోసెఫ్ స్మిత్ గురించీ వీడు గంటసేపు చెప్పినాడు. మా అక్క అంతా విని, "ఆ బంగారు రేకులు ఇప్పుడు యాడుండాయి?" అంది. దేవదూత తిరిగి తీసుకుపోయినాడని చెప్పినాడు. మా అక్క నావైపు చూసింది. బంగారం పోయిన కథలు మా ఇంట్లో చాలా ఉన్నాయి, దేనికీ ఇంత గౌరవమైన ముగింపు లేదు.

వాడి చేతిలో ఒక బ్రహ్మాస్త్రం ఉండేది. ధర్మరాజు దంపతుల కథ. ఎడ్విన్ ధర్మరాజు పురుగుల శాస్త్రవేత్త. సమోవా దీవుల్లో ఉద్యోగం చేస్తూ భార్య ఎల్సీతో కలిసి ఈ సంఘంలో చేరినాడు. 1978లో ఇద్దరూ హైదరాబాదు వచ్చి తమ బంధువుల్లోనే 22 మందికి బాప్తిస్మం ఇప్పించినారు. ఎల్సీ తండ్రి బాప్టిస్టు పాదిరి, ఆయనే మోర్మన్ గ్రంథాన్ని తెలుగు చేసినాడు. ఈ కథ చెప్పేటప్పుడు వీడి కళ్లు మా ఇంట్లో భోజనానికి కూర్చున్నవాళ్లమీద వరసగా తిరిగేవి. పెదాలు కదిలేవి. లెక్కపెడుతున్నాడని నాకు అర్థమయ్యేసరికి నేను తొమ్మిదోవాణ్ణి.

మిషన్‌కు పిలుపు వచ్చినాక శిక్షణ మొదటివారం ఇంటి నుంచే, ఆన్‌లైన్లో. అప్పుడు వాడు మా ఇంట్లో ఉన్నాడు. మే నెల. కర్నూలు ఎండ సంగతి చెప్పను, తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లు నమ్మరు. వీడు పొద్దున ఆరున్నరకు లేచి, తెల్లచొక్కా గుండీ మెడదాకా పెట్టి, టై కట్టి, ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాడు. కెమెరాకు కనబడేంతవరకు అమెరికా. బల్లకింద నా గళ్ల లుంగీ. కరెంటు పోయినప్పుడల్లా ప్రార్థన చేసేవాడు. కరెంటు మళ్లీ వచ్చినప్పుడల్లా నావైపు చూసేవాడు. "ఇది లైన్‌మన్ మహిమరా" అని నేను ఎన్నిసార్లు చెప్పినా చిన్నగా నవ్వేవాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ పడదు.

వాణ్ణి వేసింది ఇంగ్లండు ఉత్తరాన, లాంకషైర్ వైపు. అమెరికానుంచి వీళ్లు ఇంగ్లండుకు మొదట వచ్చింది 1837లో, ఆ వైపే, ప్రెస్టన్ ఊళ్లోనే. దగ్గర్లోని చోర్లీలో 1998లో కట్టిన గుడి ఒకటి ఉంది. ఫోన్లో ఈ చరిత్రంతా చెప్పి మురిసిపోయేవాడు. నేనూ తక్కువవాణ్ణి కాదు. "ఒరే, రెండు వందల ఏండ్ల కింద వాళ్లు మనకు దేవుణ్ణి తెచ్చినారు. నువ్వు పోయి వాళ్లకే తిరిగిస్తాండావా?" అన్నాను. "వాళ్లు గుడికి పోవడం మానేసినారు మామా" అన్నాడు. "సరే, వాళ్లు మనకు జమ్మలమడుగులో ఆసుపత్రి కట్టించినారు. నువ్వు వాళ్లకు ఏం కట్టించినావు?"

"ఒక ముసలామె పెరటికి కంచె."

నిజంగానే కట్టినాడు. ఇద్దరూ కలిసి. వాళ్లు ఎప్పుడూ ఇద్దరే ఉండాలి. ఎవరితో ఎవరు ఉండాలో పైవాళ్లు నిర్ణయిస్తారు, ఆరేసి వారాలకు ఒకసారి బదిలీల మాట వస్తుంది. ఒక్కడే వీధిలోకి అడుగు పెట్టకూడదు. పొద్దున ఆరున్నరకు లేవడం, వ్యాయామం, చదువు, తర్వాత ఊరుమీద పడటం, రాత్రి పదిన్నరకు దీపం ఆర్పడం. సినిమా లేదు, టీవీ లేదు, అమ్మాయిలతో తిరుగుళ్లు లేవు. సోమవారం సెలవు. సెలవంటే బట్టలు ఉతుక్కోవడం, జుట్టు కత్తిరించుకోవడం, సరుకులు తెచ్చుకోవడం, ఇంటికి ఫోన్ చేయడం. ఈ వారంవారం ఫోను కూడా 2019 నుంచే. అంతకుముందు వెళ్లినవాళ్లు క్రిస్మస్‌కు, మదర్స్ డేకి మాత్రమే ఇంటికి మాట్లాడేవాళ్లు. మా అక్కకు ఈ సంగతి చెప్పి, "చూసినావా, నీ అదృష్టం" అన్నాడు వీడు. సంవత్సరానికి రెండు ఫోన్లతో కొడుకును వదులుకున్న అమెరికా తల్లుల మీద మా అక్కకు ఆ రోజు పుట్టిన జాలి ఇప్పటిదాకా తగ్గలేదు.

సోమవారం వీడియో కాల్ మా ఇంట్లో పండగే. వీడి జంటగాడు అప్పట్లో యూటాలో పాడిపశువుల మధ్య పెరిగిన పిల్లోడు. ఆరడుగుల పైన పొడుగు, ఎర్రజుట్టు. మా అక్కకు ఇంగ్లీషు రాదు. "తినినావా నాయనా?" అని అడిగేది. వాడు "తినినా అమ్మా" అని మావాడు నేర్పిన రెండుముక్కలు చెప్పేవాడు. మా అక్క అంతటితో ఊరుకోక ఎవరో పోతుంటే గోంగూర పచ్చడి, నువ్వుల పొడి, చెనిక్కాయ ఉండలు పంపింది. ఆ పిల్లోడు పచ్చడిని జామ్ అనుకుని రొట్టెముక్కకు మందంగా పూసుకున్నాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మావాడు దాన్ని పశ్చాత్తాపం అనుకుని భుజం తట్టినాడంట.

తలుపుల సంగతి అడిగితే మాత్రం వాడి గొంతు తగ్గేది. మన సీమలో ఒకడు వద్దన్నా పద్ధతి ఉంటుంది. ముందు కూర్చోమంటాడు, మజ్జిగ ఇస్తాడు, మీ ఊరు, మీ వంశం, మీ ఊళ్లో తన బావమరిదికి జరిగిన అన్యాయం, అన్నీ అయినాక వద్దంటాడు. ఆ ఊళ్లో అట్ల కాదు. తలుపు సగం తెరుచుకుంటుంది. "నో థాంక్యూ, లవ్." తలుపు మూసుకుంటుంది. చప్పుడు కూడా కాదు. "తిట్టినా బాగుండు మామా" అనేవాడు. ఆ మాటకు నా కడుపులో ఏదో కదిలింది. ఎందుకంటే నేను ముప్ఫయ్యేళ్లుగా ఎల్ఐసీ ఏజెంటును. తలుపు అవతల మనిషి ఉండి కూడా "సారు ఊళ్లో లేరు" అని పిల్లలచేత చెప్పించడం నాకు తెలుసు. కర్నూల్లో నన్ను చూసి చెప్పులు వేసుకుని వెనక గుమ్మంలోంచి జారుకున్న పెద్దమనుషుల జాబితా ఉంది నా దగ్గర. కొందరు ఇప్పుడు మంచి పదవుల్లో ఉన్నారు.

వాణ్ణి లోపలికి రమ్మన్నవాళ్లు కొద్దిమందే. అందులో ఒక ముసలాయనకు దేవుడి మీద ఆసక్తి లేదు, కానీ మావాడు ఇండియావాడు కాబట్టి క్రికెట్ మాట్లాడాలని పిలిచేవాడు. వీళ్లకు మ్యాచ్‌లు చూడటం నిషేధం. "మరి స్కోరు ఎట్ల తెలిసిందిరా నీకు?" అని మా బావ నిలదీస్తే, "అడగలేదు నాయనా, ఆయనే చెప్పినాడు" అన్నాడు. తలుపు తట్టే వారం భారత్ మ్యాచ్ ఉన్న వారమే ఎందుకు అవుతుందో మేమెవరమూ అడగలేదు. కానీ సినిమా దగ్గర వాడు నిలబడినాడు, ఒప్పుకోవాలి. 2024 సెప్టెంబరు 27న ‘దేవర’ విడుదల. సీమ కుర్రవాడికి అది పరీక్ష. స్నేహితులు కటౌట్ ముందు డాన్సు చేస్తూ వీడియో పంపినారు. వీడు ఫోను బోర్లా పెట్టి ఆ ముసలామె కంచె కట్టడానికి పోయినాడు. ఆ కంచె ఎందుకంత గట్టిగా వచ్చిందో నాకు ఇప్పుడు తెలుస్తోంది.

ఇక టీ. నాకు వాడితో అసలు తగాదా ఇక్కడ. 1833లో జోసెఫ్ స్మిత్ చెప్పిన ఆరోగ్యసూత్రం ప్రకారం వాళ్లకు సారా, పొగాకు, కాఫీ, టీ నాలుగూ కూడవు. మొదటి రెండింటికీ ఇంట్లో ఆడవాళ్లు చప్పట్లు కొట్టినారు. కానీ టీ! ఆ దేశమూ ఈ దేశమూ రెండు వందల ఏండ్ల కొట్లాటలో చివరకు ఏకాభిప్రాయానికి వచ్చింది ఒక్క టీ దగ్గర. ఈ మహానుభావుడు లాంకషైర్‌లోనూ వద్దన్నాడు, కర్నూల్లోనూ వద్దంటాడు. తిరిగొచ్చిన కొత్తల్లో కొండారెడ్డి బురుజు దగ్గర బంకులో నిలబడి, టై కట్టుకుని, "అన్నా, ఒక హార్లిక్స్" అన్నాడు. బంకాయన వాడి వెనక పసిపిల్లాడు ఎవరన్నా ఉన్నాడేమోనని వంగి చూసినాడు. వీడు హార్లిక్స్ తాగుతూ ఊరుకోక, "అన్నా, జీవితంలో నిజమైన సంతోషం దేంట్లో ఉందని మీరనుకుంటారు?" అన్నాడు. "ఇంగో టీ చెప్తే ఉంటాది" అన్నాడు బంకాయన.

అక్కడితో పోయినా బాగుండేది. ఇంటికొచ్చి మా ఆవిడతో షుగరు గురించీ టీ గురించీ శాంతంగా మాట్లాడినాడు. వాడు బలవంతపెట్టడు. అది ఇంకా ప్రమాదం. ఆ సాయంత్రం నుంచి నా గ్లాసులో రాగి అంబలి వస్తోంది. ముప్ఫయ్యేళ్లుగా నేను చెప్పిన ఒక్కమాట వినని మనిషి, వాడి పది నిమిషాల మాటకు మారిపోయింది. లాంకషైర్ తలుపులు ఎంత గట్టివో గానీ మా వంటింటి తలుపు ఇంత మెత్తనిదని నాకు తెలియదు.

తిరిగొచ్చినాక కూడా వాడు ఒంటరిగా నడవలేడు. పాలపాకెట్టుకు పోవాలన్నా గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూస్తాడు. "నియమం అయిపోయింది గదరా" అంటే "అలవాటు మామా" అంటాడు. రెండునెలలు వాడి జంటగాణ్ణి నేనే. నెలలో మొదటి ఆదివారం ఉపవాసం ఉంటాడు, ఆ రెండుపూటల తిండి డబ్బు దానానికి తీసిపెడతాడు. ఇది మాత్రం కర్నూల్లో ఎవర్నీ ఆశ్చర్యపెట్టలేదు. రంజాన్‌లో సగం పాతబస్తీ నెలరోజులు ఉపవాసం ఉండే ఊరికి ఒక్కరోజు ఏ లెక్క? మా పక్కింటి బాషా భాయ్ వాణ్ణి చూసి జాలిపడి, "బేటా, మావాళ్లు సాయంత్రం హలీమ్ అన్నా తింటారు" అన్నాడు.

తర్వాత వంశవృక్షం మీద పడినాడు. వాళ్ల విశ్వాసంలో చనిపోయిన పూర్వీకుల పేరుమీద, ఆదివారం పోయే గుడిలో కాక టెంపుల్ అనే పెద్దగుడిలో, బతికున్నవాళ్లు బాప్తిస్మం తీసుకోవచ్చు. పైలోకంలో ఉన్నవాళ్లు దాన్ని ఒప్పుకోవచ్చు, వద్దనొచ్చు. అట్లాంటి పెద్దగుడి ఒకటి బెంగళూరుకు 2018లో ప్రకటించినారు. అందుకని వీడికి పేర్లు, పుట్టిన తేదీలు కావాలి. మాకు తేదీలు ఎక్కడివి? మా అవ్వ "ధాత కరువులో మా జేజబ్బ వలసపోయినాడు" అనేది. 1876లో మొదలైన ఆ కరువులో ఈ జిల్లాల్లో ఎందరు పోయినారో, ఎవరు ఏ దారిన పోయినారో రాసిపెట్టినవాళ్లు మా ఇంట్లో లేరు. కొన్ని పేర్లు మాత్రం మా నాయన తన బైబిలు చివరి పేజీల్లో సిరాతో రాసుకున్నాడు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీద పడినప్పుడు మా ఇంట్లో నీళ్లు అటక దాకా వచ్చినాయి. బైబిలు దొరికింది. పేర్లు దొరకలేదు.

వీడు ఆ ఉబ్బిపోయిన పుస్తకాన్ని ఎండలో పట్టుకుని, ఫోను దీపం అటూ ఇటూ తిప్పుతూ, ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నాడు. రెండు పేర్లు చదివినాడు. ఒకటి నాకు తెలుసు, మా తాత. రెండోది మా తాత తల్లిదంట. మాకెవరికీ ఆమె పేరు తెలియదు. దానమ్మ. నేను ఏమీ అనలేదు. కాసేపటికి, "మీ ముత్తాత బతికున్నన్నాళ్లు ఎవని మాటా వినినోడు కాదురా, సచ్చినాక నీ మాట ఇంటాడా?" అన్నాను. "వద్దంటే ఆయనిష్టం మామా, అడగడం మన పని" అన్నాడు. ఈ వాక్యం నేను కొత్తగా చేరిన ఏజెంట్లకు చెబుతుంటాను. వాడికి ఎవరు చెప్పినారో.

వాడి డైరీ ఒకసారి నా చేతికి చిక్కింది. ‘మూడో ఇంటామె, మోకాలి నొప్పి, గురువారం అడగాలి.’ ‘కుక్క పేరు బస్టర్.’ ‘కొడుకుతో మాటల్లేవు. ఈ విషయం ఎత్తకూడదు.’ నా డైరీలూ ఇట్లే ఉంటాయి. ‘కూతురి పెళ్లి మార్చిలో, ఏప్రిల్ దాకా పోవద్దు.’ ‘తమ్ముడితో గొడవ, నామినీ మార్పు ఉండొచ్చు.’ మోకాలి నొప్పి నేనూ అడిగి తెలుసుకుంటాను, నాది ప్రీమియం గడువు దగ్గరపడినప్పుడు.

ఈలోగా ఊళ్లో వీడికి సంబంధాలు మొదలైనాయి. ‘లండన్ రిటర్న్’ అని ఎవరో పుట్టించినారు. మా అక్క ఖండించలేదు. పెళ్లిళ్ల పేరయ్య ఒకాయన వచ్చి "అక్కడ నెలకు ఎంత వచ్చేది బాబూ?" అన్నాడు. వీడు నిజం చెప్పినాడు. "అంటే ఎదురు కట్టినారా?" అన్నాడు ఆయన. కప్పులో టీ సగం వదిలేసి లేచినాడు. మా ఇంట్లో ఆ మధ్య పెట్టిన ఏకైక టీ అది.

ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ఆ రెండేళ్లు ఏం చేసినావని అడుగుతారు. వీడు చెబుతాడు. పూర్తిగా చెబుతాడు. అందుకని నేనే ఒకరోజు, "నాతో రారా, పని నేర్పిస్తా" అని ఓర్వకల్లు వైపు పల్లెలకు తీసుకుపోయినాను. తలుపు తట్టడంలో భయం లేనివాడు నా వృత్తికి దొరకడం కష్టం. మూడు ఇళ్లకు పోయినాము. మొదటి ఇంట్లో వాడు ముసలామె మంచం పక్కన కూర్చుని ఆమె కుడికాలు కథ మొత్తం విన్నాడు. రెండో ఇంట్లో తాగుడు మానలేని కొడుకు గురించి తండ్రి ఏడ్చినాడు. మూడో ఇంటాయన సంతకానికి పెన్ను తీసినాడు. అప్పుడు వీడు, "అన్నా, పాప కాలేజీ ఫీజు కట్టేసినారా?" అన్నాడు. లేదన్నాడాయన. "ముందు అది కట్టండి" అన్నాడు వీడు. ఆయన పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

దారిపొడుగునా బండిమీద నేను మాట్లాడలేదు. వీడు వెనక కూర్చుని, రోజు బాగా గడిచిందని నాకు చెప్పినాడు.

మరుసటి వారం మూడో ఇంటాయనే ఫోన్ చేసినాడు. పాలసీ మాటేమో అనుకుని గొంతు సవరించుకున్నాను. "ఆ పిల్లోడు మళ్లీ ఎప్పుడొస్తాడు సార్? మా అమ్మ అడుగుతాంది" అన్నాడు. నేను పని ఉంది, నువ్వే పో అన్నాను వీడితో. చొక్కా వేసుకుని గుమ్మం దగ్గర నిలబడినాడు. పోడు. నావైపే చూస్తాడు. బండి తాళం తీసుకున్నాను.